గజం ఎంతుంటుంది?

పిట్‌హోల్ చూద్దామని వెళ్తే అక్కడ ఊరే లేదు. ఉన్నదల్లా అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఓ కొండవాలు మీద గడ్డి, ఒకప్పుడు వీధులున్న చోట మాత్రం దాన్ని పొట్టిగా కోసి ఉంచారు కాబట్టి మనం నడిచేది పాత రోడ్ల మీదే అన్నమాట, పక్కన ఇళ్ల నేలమాళిగల గుంతలు. 1865 జనవరిలో ఇక్కడ చమురు పడింది. సెప్టెంబరుకల్లా జనం 15 వేలు, హోటళ్లు 50కి పైనే! ఏప్రిల్లో అంతర్యుద్ధం ముగిసి, చేతిలో జీతం డబ్బుతో ఖాళీగా ఉన్న సైనికులు కూడా ఎగబడ్డారు.

నాకు బాగా పట్టేసింది బండివాళ్ల కథ. చమురు పీపాల్ని బురదలో గుర్రాలతో లాగిస్తూ నోటికొచ్చిన రేటు చెప్పేవాళ్లట. శామ్యూల్ వాన్ సైకిల్ అనే ఆయన అదే ఏడాది రెండంగుళాల ఇనుప పైపుని అయిదు మైళ్లకి పైగా వేయించి రైలు దాకా చమురు పంపాడు. బండివాళ్లు ఊరుకుంటారా, పైపులు పీకి పారేశారు, తుపాకులతో కాపలా పెట్టాల్సొచ్చింది. (పొట్ట మీద కొడితే ఎవరైనా అంతే లెండి.)

తర్వాత బావులు ఎండాయి, మంటలు ఊరిని మింగాయి, 1870 జనాభా లెక్కల్లో మిగిలింది మూడు వందల లోపు మందే. 20 లక్షల డాలర్లు పలికిన జాగా 1878లో 4 డాలర్ల 37 సెంట్లకి పోయిందంటారు. ప్లాట్ల పిచ్చి ఉన్న మా ఫ్రెండ్‌కి ఈ ముక్క చెప్తే, "ఇప్పుడక్కడ గజం ఎంతుంటుంది?" అని అడిగాడు.