తెలుగులో తిట్టమ్మా, తొందరగా అయిపోతుంది

ఈ మాట అన్నది మా అమ్మాయి. ఆరేళ్ళు దానికి. మేముండేది జర్మనీలో, సెలవులకి ఇంటికొచ్చాం. విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఫుట్‌పాత్ మీద, చేతిలో మురీ మిక్చర్ పొట్లం, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని అంది.

రబ్బరుతో లాగి వదిలితే చీకట్లో నీలంగా వెలుగుతూ పైకి పోయి, గిర్రున తిరుగుతూ దిగే ప్లాస్టిక్ బొమ్మలు అమ్ముతున్నాడు ఒక కుర్రాడు. యాభై రూపాయలు. కావాలని అది, వద్దని నేను. ఊరికే వద్దని ఊరుకుంటే నేనెందుకవుతాను? అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, నా కళ్ళు దాని కళ్ళ ఎత్తుకి దించి, భుజాల మీద చేతులు వేసి, కిండర్‌గార్టెన్ టీచరమ్మ దగ్గర పట్టుకొచ్చిన మెత్తటి గొంతుతో జర్మన్‌లో మొదలుపెట్టాను. నీకు అది ఎంత కావాలనుందో నాకు తెలుస్తోంది, దొరక్కపోతే కోపం వస్తుంది, కోపం రావడం తప్పు కాదు, కానీ మొన్న మనం మాట్లాడుకున్నాం కదా, ప్లాస్టిక్ సముద్రంలో పడితే చేపలు ఏమవుతాయో... అలా పావుగంట పైనే. మురీలు మెత్తబడిపోయాయి. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ ముందు దాని లింగాన్ని బట్టి ఒక చిన్న మాట తగిలించాలి. ఒకచోట సముద్రానికి ముందు 'దస్' పెట్టాల్సింది 'డెర్' పెట్టాను. ఏడుపు ఆపి, ముక్కు ఎగబీల్చి, "దస్ అమ్మా, దస్" అని దిద్ది, మళ్ళీ ఏడుపు అందుకుంది. ఆ తర్వాతే ఆ మాట.

"జర్మన్‌లో అయితే నువ్వు చాలాసేపు మాట్లాడతావు. తెలుగులో తిట్టమ్మా, తొందరగా అయిపోతుంది."

పక్కనే ఉన్న మా అమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూనే పర్సు తీసి యాభై ఆ కుర్రాడి చేతిలో పెట్టేసింది. "ఈ మాత్రం దానికి ఇంత పంచాయితీ ఏటే?" అంది. రెండేళ్ళ మా బుడ్డోడు అప్పటికే ఆ రబ్బరు నోట్లో పెట్టేసుకున్నాడు.

ఇది జరిగి పదిరోజులైంది. సెలవులు అయిపోవస్తున్నాయి, సూట్‌కేసులు ముందుగదిలో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నాకు మాత్రం ఆ మాట దగ్గర్నుంచి అడుగు ముందుకు పడట్లేదు. ఎందుకంటే అది నిజం. పిల్లల మీద అరవకూడదు, వాళ్ళ మనసులో ఏముందో మనమే మాటల్లో పెట్టి చెప్పాలి, ఎంచుకునే అవకాశం ఇవ్వాలి, ఇదంతా నేను అక్కడ నేర్చుకున్నాను, అక్కడి భాషలోనే నేర్చుకున్నాను. ఆ వాక్యాలు నా నోట్లో తెలుగులో లేవు. వస్తాయేమోనని ఒకసారి బాత్రూం తలుపేసుకుని ప్రయత్నించాను కూడా. "నీకు కోపం వచ్చిందని నేను అర్థం చేసుకోగలను." డబ్బింగ్ సీరియల్లో అత్తగారు మాట్లాడినట్టు ఉంది.

నా తెలుగులో పిల్లల కోసం ఉన్నవి రెండే అరలు. ఒకదాంట్లో బంగారుకొండ, చిట్టితల్లి, నా కన్నతల్లి. రెండోదాంట్లో బుద్ధుందా నీకు, వీపు విమానం మోత మోగుతుంది, నాన్న రానీ చెప్తా. రెండూ మా అమ్మ ఇచ్చినవే. మధ్యలో కూర్చుని మాట్లాడుకునే గది ఆవిడ కట్టలేదు, నేనూ కట్టలేదు, జర్మన్‌లో అద్దెకి తీసుకున్నాను. "మా ఇంట్లో తెలుగే" అని తెలుగు సంఘం ఉగాదికి మైకు పట్టుకుని చెప్పింది కూడా నేనే. చప్పట్లు కొట్టారు.

ఇక చేత్తో చేసినవాటి పిచ్చి సంగతి. మేముండే స్టుట్‌గార్ట్‌లోనే 1919లో, ఒక సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆస్ట్రియా తత్వవేత్త, పిల్లల ఊహకీ చేతిపనులకీ పెద్దపీట వేసే వాల్డార్ఫ్ బడుల్లో మొదటిది మొదలుపెట్టాడు. మా పిల్ల వెళ్ళేది ఆ బడికి కాదు గానీ ఆ గాలి నాకు బాగానే సోకింది. కర్ర, ఉన్ని, నూలు తప్ప మరొకటి ఇంట్లోకి రాకూడదన్నాను. పెద్దదానికి నాన్న పాత లుంగీలు చింపి గుడ్డలు కట్టాను, ఉగ్గుకి బియ్యం, పెసరపప్పు వేయించి నేనే పట్టాను, సున్నిపిండి నలిచి నలిచి స్నానాలగది తూము పూడ్చాను. ప్లంబర్‌కి ఆ పిండి ఏమిటో చెప్పడానికి పట్టినంత జర్మన్ నాకు మరెప్పుడూ పట్టలేదు. రెండోవాడు పుట్టేసరికి లుంగీలు అటక మీదకి, డైపర్లు ఇంట్లోకి. ఉగ్గు డబ్బాలోది. ఈసారి విమానంలో అయితే ఫోను వాడి చేతికిచ్చేసి నేను హాయిగా కళ్ళు మూసుకున్నాను. ఇవి ఫొటోల్లో పెట్టలేదు.

ఒక్కటి మాత్రం నిజంగా చేశాను, బొమ్మ. మూడు నెలలు, రాత్రుళ్ళు, వేళ్ళ చివర్లు పొడుచుకుంటూ. లోపల గొర్రె ఉన్ని, పైన నూలు గుడ్డ. ఆ వాల్డార్ఫ్ పద్ధతి బొమ్మలకి మొహం దాదాపు ఖాళీగా వదిలేస్తారు, చుక్కల్లాంటి కళ్ళు, ఉంటే చిన్న గీతంత నోరు. నవ్వో ఏడుపో పిల్లే తన ఊహతో తెచ్చుకోవాలని. నాకు ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే ఆ గీత కూడా మానేశాను. పుట్టినరోజు నాడు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి నోరేది? అన్నం ఎలా తింటుంది?" అంది. మంచం కింద పడేసింది. ఏడాది పాటు అక్కడే.

ఇప్పుడు నేను దాచుకున్నది. పోయిన చలికాలంలో ఒకరోజు, తమ్ముడి జుట్టు కత్తిరిస్తానని కత్తెర పట్టుకుని వాడి చెవి దగ్గర ఆడిస్తోంది. వంటింట్లోంచి చూశాను. ఎలా వెళ్ళానో తెలీదు, కత్తెర లాక్కుని వీపు మీద ఒక్కటిచ్చాను. ఆ అరుపు తెలుగే, చెయ్యీ తెలుగే. అది ఏడవలేదు. నా వంక చూసి, "కొట్టకూడదు. అది చట్టం" అంది. చట్టమే. హింస లేని పెంపకం పిల్లల హక్కని జర్మనీలో 2000లో సివిల్ కోడ్‌లోకి ఎక్కించారు, స్వీడన్‌లో అయితే 1979లోనే పిల్లల్ని కొట్టడం నిషేధించారు. నేను లేచి ముందు కిటికీ వేశాను. ఆ తర్వాత క్షమాపణ చెప్పాను. ముందు కిటికీ, తర్వాత క్షమాపణ. ఈ వరస మీద నేను చాలా రాత్రులు పడుకోలేదు. మా ఆయనకి కూడా రెండు రోజుల తర్వాతే చెప్పాను.

కొట్టిన రోజు సాయంత్రమే వీడియో కాల్‌లో అమ్మమ్మకి చెప్పేసింది పిల్ల. మా అమ్మ, "కత్తెర పైన పెట్టుకోవాలి గదే" అని ఊరుకుంది. నాకు ఒళ్ళు మండింది. నువ్వు నన్ను కొట్టబట్టే కదా నాకు చెయ్యి లేచిందని అనబోయి ఆగాను. ఈసారి వచ్చాక అనేశాను. సీతమ్మధార ఇంట్లో, వెనక వరండాలో, పప్పు ఏరుతుంటే. అమ్మ చేట కింద పెట్టి, "నేనెప్పుడు కొట్టానే నిన్ను?" అంది. అబద్ధం ఆడుతున్న మొహం కాదది. నిజంగానే గుర్తులేదు. అట్లకాడ, కాలిన వైపు కాదు, పిడి వైపు, ఎనిమిదో ఎక్కం రానందుకు. నాకు పిడి రంగుతో సహా గుర్తుంది. ఆవిడకి ఆ వేసవిలో నాకు వచ్చిన ఆటలమ్మ గుర్తుంది, పక్కన కూర్చుని వేపాకుతో విసురుతూ గడిపిన రాత్రుళ్ళు గుర్తున్నాయి. అవి నాకు గుర్తులేవు.

ముప్ఫై మూడేళ్ళు ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం వచ్చి బడిలో పిల్లల్ని కొట్టకూడదన్నాక ఏం చేశావని అడిగితే, "బెత్తం బల్ల మీంచి తీసి బీరువా మీద పెట్టాను" అంది. మరి పారెయ్యలేదా? "కొట్టడానికి కాదే, కనబడ్డానికి." నా మెత్తటి జర్మన్ కూడా బీరువా మీద బెత్తమేనా అని ఒక అనుమానం అప్పట్నుంచి. ఆ గొంతు మొదలవగానే మా పిల్ల భుజాలు బిగుసుకుంటాయి, నేను చూశాను. నేను కొట్టనని దానికి తెలుసు. వదలనని కూడా తెలుసు.

బీచ్ నుంచి వచ్చిన మర్నాడు ఆ ప్లాస్టిక్ బొమ్మ రెక్క విరిగింది. చూశావా అనబోయాను. లోపల్లోపల సంతోషం కూడా కలిగింది, సిగ్గులేకుండా చెప్తున్నాను. అమ్మ సెల్లోటేపు చుట్టి ఇచ్చింది. ఎగరట్లేదు గానీ దీపం వెలుగుతోంది. అదే దాని తలగడ కింద.

నేనా ఊరుకోను కదా. ఆ వచ్చిన ఆదివారమే అందర్నీ కారెక్కించి ఏటికొప్పాక తీసుకెళ్ళాను. 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ మా అమ్మకి అది ఇంకా వైజాగ్ జిల్లానే. వరాహ నది ఒడ్డున ఊరు, అంకుడు కర్ర బొమ్మలు. స్టుట్‌గార్ట్‌లో యూరోలు పోసి కొన్న కర్ర రింగులు ఇక్కడ చిన్నప్పుడు నా కాళ్ళ కింద పడి ఉండేవి, లక్కపిడతలతో పాటు. తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనించి పట్టుకుంటే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకు ఒత్తిపెడితే అద్దంలా మెరుపు. పసుపుతో పసుపు రంగు, జాఫ్రా గింజలతో ఎరుపు, నీలిమందుతో నీలం. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వీటికి. ఇవన్నీ పిల్లకి దారి పొడుగునా చెప్పాను, ఏ భాషలోనో చెప్పనక్కర్లేదు.

అక్కడి పెద్దాయన ఒక బొంగరం చేసి, వేడి తగ్గాక దాని చేతిలో పెట్టాడు. తిప్పి చూసి, "ఇది ఎగరదా?" అంది. "ఎగరదు పాపా, తిరుగుతాది" అన్నాడాయన. అంతే. తర్వాతి కర్ర అందుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను, ఇప్పుడు ఏడుపు మొదలవుతుంది, నేను మోకాళ్ళ మీదకి దిగాలి అని. "ఓ" అంది. బొంగరం జేబులో వేసుకుంది. మూడు ముక్కల్లో తేలిపోయింది, అందులో ఒకటి 'పాపా'.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానంటే, బయట పిల్లల్ని పెంచుతున్న అమ్మలకి ఒక సలహా ఇద్దామని. మెత్తగా మాట్లాడండి, కానీ మీ భాషలోనే మెత్తగా మాట్లాడండి, అని. చక్కగా ఉంది కదా. నాకే చేతకావట్లేదు. అమ్మలా తిట్టి మర్చిపోదామంటే, నేను మర్చిపోయిందే దానికి గుర్తుండిపోతుందేమోనని భయం. తిట్టకుండా కూర్చోబెట్టి మాట్లాడదామంటే, అది నా తప్పులు దిద్దుతూ కూర్చుంటుంది. మా ఆయన్ని అడిగితే, "నువ్వు జర్మన్‌లో మెల్లగా మొదలుపెడితే నాకే చెమటలు పడతాయి" అన్నాడు. ఆయన సంగతి తర్వాత చూస్తాను.

సర్దుతుంటే సూట్‌కేసు అడుగున ఆ నోరు లేని బొమ్మ దొరికింది, స్వెటర్లో చుట్టుకుని వచ్చినట్టుంది. అమ్మ చూసి, "ఏటే ఇది, దిష్టిబొమ్మకైనా మూతి గీస్తారు గదా" అంది. చేత్తో చేసినవి అలాగే ఉంటాయి, అది పిల్ల ఊహకి వదిలెయ్యడం, అని నేను చెప్తూనే ఉన్నాను, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఎర్రదారం సూదికెక్కించి, పళ్ళతో తెంపి, నాలుగు కుట్లలో నోరు పెట్టేసింది. కొంచెం వంకర. పెద్ద నోరే.

పిల్ల ఆ బొమ్మని లాక్కుపోయింది. ఏడాదిలో మొదటిసారి. కాసేపటికి వెనక వరండాలోంచి మాటలు. ఏటికొప్పాక లక్కపిడతల్లో ఏదో వండుతోంది, ఇసుకో బియ్యమో. బొమ్మని ఒళ్ళో వేసుకుని, "మింగు, మింగు, బుద్ధుందా నీకు, కాకి ఎత్తుకుపోతుంది చూడు" అంటూ ఆ ఎర్రనోట్లో కుక్కుతోంది. అచ్చం అమ్మమ్మే. ఈ వేసవిలో వచ్చిన తెలుగంతా అక్కడ ఉంది. నాకు నవ్వొచ్చింది, ఫోను తీసి వీడియో తీద్దామనుకున్నాను కూడా.

అంతలో బొమ్మకి ఏదో కావాలనిపించినట్టుంది. చూస్తే ఆ టేపు చుట్టిన నీలం దీపం బొమ్మ. పిల్ల ముద్ద పక్కన పెట్టింది. మోకాళ్ళ మీదకి లేచింది. బొమ్మని గోడకి ఆనించి నిలబెట్టి, భుజాల మీద రెండు చేతులూ వేసి, గొంతు తగ్గించి, జర్మన్‌లో మొదలుపెట్టింది. నీకు ఎంత కావాలనుందో నాకు తెలుస్తోంది. కోపం రావడం తప్పు కాదు. ప్లాస్టిక్ వచ్చింది, చేపలు వచ్చాయి. సముద్రం దగ్గరికి వచ్చేసరికి, నన్ను అంత ఠక్కున దిద్దిన పిల్ల, స్పష్టంగా 'డెర్' అంది.

దస్ అని అనబోయి, తలుపు వెనకే ఊరుకున్నాను.