కపిల బావిని పూడ్చకండి

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లే. ఏరూ కాలువా అందని చోట, ఊరికి దూరంగా ఉన్న తోటకు బావే దిక్కు. ఆ తోట ఎలా బతికిందో బావి గట్టు చూస్తే తెలిసిపోతుంది.

గట్టున కూసాలనే రెండు నిలువు రాళ్లు, వాటి వెనక ఏటవాలుగా దిగే బాట కనిపిస్తే అక్కడ కపిల తోలారన్నమాట, అంటే ఎద్దులతో నీళ్లు తోడారు. పైన గిలక మీదుగా మోకు, కింద గట్టు అంచున దొర్లే కొయ్య మీదుగా సన్నతాడు, రెండూ ఎద్దుల కాడికే. ఎద్దులు బాటలో దిగుతుంటే మోకుకు కట్టిన నీళ్ల బాన పైకొస్తుంది. పనితనమంతా సన్నతాడు పొడవులోనే ఉంది. బాన అడుగున కుట్టిన తోలు గొట్టమే తొండం. దాని మూతిని సన్నతాడు బాన మూతికి సమంగా ఎత్తిపట్టాలి. తాడు సాగిందా, మూతి వాలిపోయి నీళ్లు దారిలోనే బావిలోకి కారిపోతాయి. పొట్టిదైతే తొండం ముందే బిగుసుకుని కుట్టు దగ్గర చిరుగుతుంది. తోలు ఎండి పగలకుండా ఆముదం పట్టించేవారు.

తర్వాత కరెంటు మోటార్లొచ్చాయి. గట్టు మీది పంపు ఎంత మంచిదైనా 6, 7 మీటర్ల లోతు నుంచే నీళ్లు పీలుస్తుంది. అందుకే నీటిమట్టం దిగినకొద్దీ బావి గోడకు అరుగు తొలిచి మోటారును కిందికి దించారు. పెద్ద వాన పడితే అది మునిగి వైండింగు కాలిపోయేది. పైపు అడుగున నీళ్లు జారకుండా ఆపే ఫుట్‌వాల్వు వాషరు అరిగితే పైపులో నీళ్లు జారిపోయి, పొద్దున్నే బిందెలతో పోస్తే గానీ పంపు అందుకునేది కాదు.

బోర్లతో కథ మారింది. ఇక్కడ అడుగున గ్రానైటు. నీరు పైనున్న గరుసు పొరలో, అంటే చివికిన రాతి పొరలో నిలుస్తుంది, కింద పగుళ్లలో మాత్రమే దొరుకుతుంది. బోరు ఆ పగుళ్లను తోడేస్తుంటే పై పొరలోని నీరు కూడా కిందికి జారి బావి ఎండుతుంది. అప్పుడు దాన్ని చెత్తతో నింపేస్తున్నారు. అదే నాకు బాధ. గరుసు పొరకు మళ్లీ నీరు పట్టించడానికి ఆ బావిలోకి వాననీటిని వదలడం కన్నా మంచి దారి లేదు.

ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. అందులో పావు వంతు పారినా 25 వేలు. ఆ నీటిని ముందు ఒక మట్టిగుంటలో తేర్చి, తర్వాత రెండు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న వడపోత గుంటలోకి వదలండి. అడుగున గుండ్లు, మధ్యన కంకర, పైన ఇసుక. అడుగు నుంచి పైపు బావిలోకి. పైపు మూతి గోడ దాటి రెండడుగులు ముందుకు ఉండాలి, లేకపోతే నీరు గోడ వెంట జారి రాళ్ల సందుల్లోని మట్టిని కడిగేస్తుంది. ఇసుక మీద పేరుకున్న ఒండ్రును ఏటా వానల ముందు చెక్కేయాలి. పశువుల పాక, పురుగుమందు కలిపే చోటు వైపు నుంచి వచ్చే నీటిని మాత్రం రానీయకండి.

రాతి కట్టడంలో మొలిచే రావి మొక్కను వేలెడు ఉన్నప్పుడే పీకాలి. వేరు లావెక్కాక లాగితే రాళ్లు కూడా ఊడి వస్తాయి.