కోరింగలో చేపముల్లు కాలవ

కోరింగ మడ అడవి చూద్దామని కాకినాడలో యానాం బస్సెక్కి, అక్కడ దిగేసరికి సముద్రం పాటు మీదుంది. కాలవలో నీళ్లు లాగేశాయి, పోటు ఎక్కితేగానీ బోటు కదలదన్నారు. టికెట్టుకి అంత తీసుకునేటప్పుడు ఆ రోజు పోటువేళ బోర్డు మీద రాసిపెట్టొచ్చు కదా! ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు చంటిపిల్లలతో ఎండలో కూర్చున్నారు.

నేను చెక్కబాట పట్టాను. జనమంతా బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన శ్వాసవేర్లకి ఫొటోలు తీస్తుంటే, నా కన్ను మడచెట్ల వెనక కాలవ మీద పడింది. డెల్టాలో పుట్టినవాడికి కాలవ కనిపిస్తే కాళ్లాగవు.

ఒకప్పుడు ఇక్కడ మడని కూపులు వేసి, అంటే ముక్కలుగా విడగొట్టి, మొదలంటా నరికేవారు. నీడ పోయిన నేల ఎండి, కుంగి, పళ్లెంలా గుంటపడింది. పోటుకి వచ్చిన నీళ్లు పాటుకి తిరిగి పోలేవు. ఎండకి ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ ఉప్పులో విత్తు బతకదు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీరగ్రామాల జనం కలిసి ఆ ఉప్పుపర్రల్లో చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వారు. ఏటిపాయ నుంచి 45 డిగ్రీలు ఓరగా పెద్దకాలవ, దానికి అటొకటి ఇటొకటి 30 డిగ్రీల్లో పిల్లకాలవలు. మన వరిచేలో నీళ్లు బోదెలో వచ్చి మురుగుకాలవలో పోతాయి. ఇక్కడ రెండూ ఒకటే. పోటుకి బోదె, పాటుకి మురుగు.

పూడిక తీస్తున్న ఒకాయన్ని కదిపితే, "మొక్క సంగతి తరవాతండి. ముందు నీళ్లు తిరగాలండి" అన్నాడు. గోడ నిట్టనిలువుగా తవ్వితే విరిగి పడుతుంది, అందుకే పైన వెడల్పు, అడుగున ఇరుకు. మొక్కని వాలుకి నడిమధ్య నాటాలి. కిందకి పెడితే బురద కప్పేస్తుంది, గట్టు మీద పెడితే పోటు అందక ఉప్పుకి మాడుతుంది. మొదట తెల్లమడే, ఉప్పుని బాగా ఓర్చుకునేది అది. మొక్క తలెత్తేదాకా పశువుల్ని రానివ్వకూడదు.

చెడేదంతా ఆ తరవాతే. పిల్లకాలవ మూతి బురదతో ఇట్టే పూడుతుంది. నాటడానికి దొరికే డబ్బు పూడికతీతకి దొరకదు. ఆయన చూపించిన ఒకదాంట్లో మూతి మూసుకుపోయి, లోపల తెల్లగా ఉప్పుపొర, వరసగా ఎండుపుల్లలు. ఒకటి లాగితే వేళ్లకి నర్సరీ నల్లసంచీ అలాగే ఉంది. ఎవరో వచ్చి నాటి, ఫొటోలు దిగి వెళ్లారట. మనసు చివుక్కుమంది. 1978 నుంచి అభయారణ్యం, నీటిపిల్లీ నీటికుక్కా బతికే అడవి ఇది. సంచీ చింపడానికి ఎంతసేపు పడుతుంది?

మూడు దాటాక పోటు ఎక్కింది. పెద్దకాలవలోకి నీళ్లు నురగతో తోసుకొచ్చి, ఒక్కో పిల్లకాలవలోకీ తిరిగాయి. పూడినదాని మూతి దగ్గర మాత్రం బురదని తాకి ముందుకెళ్లిపోయాయి. బోటువాళ్లు కేకేస్తున్నారు. ఆయన పార భుజాన వేసుకుని, "రేపు పాటుకి దీని వంతండి" అన్నాడు.