సినిమాలు సూస్తే జీతమిచ్చీస్తారేటి?

టొరంటోలో నేను చెప్పేది సినిమా పాఠాలు. పర్మినెంట్ ఉద్యోగమేం కాదు, టర్మ్‌కి ఇన్ని కోర్సులని కాంట్రాక్టు, వేసవిలో క్లాసు దొరక్కపోతే ఆ నెలల జీతం లేనట్టే. ఇదంతా విజయనగరంలో చెబితే ఎవరికీ ఎక్కదు. "సినిమాలు సూస్తే జీతమిచ్చీస్తారేటిరా?" అని మా పెదనాన్న ఇప్పటికీ నవ్వుతాడు. చూసినందుకు కాదు పెదనాన్నా, పిల్లలు కట్టలకొద్దీ రాసే వ్యాసాలు దిద్దినందుకు!

తెలుగు సినిమాలకు రివ్యూలు కూడా రాస్తుంటాను, అది వేరే లోకం. వేసవిలో ఇక్కడ గురువారం సాయంత్రం 6:30కి ప్రీమియర్ పడితే ఇండియాలో అప్పటికి శుక్రవారం తెల్లవారుజాము 4 గంటలు. మనవాళ్లు మార్నింగ్ షోకి బయల్దేరేలోపు రివ్యూ వచ్చెయ్యాలి కాబట్టి ఇంటర్వెల్‌లోనే సగం టైప్ చేసేస్తాం. దాన్ని విమర్శ అనడానికి నాకు మనసొప్పదు, టికెట్ కొనాలా వద్దా అని చెప్పే సలహా, అంతే. ఫ్యాన్స్ తిట్లు మాత్రం పెద్ద విమర్శకుడి స్థాయిలోనే పడతాయి.

అసలు పని క్లాసులో జరుగుతుంది. సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి', పి. పుల్లయ్య 'కన్యాశుల్కం' రెండూ 1955లో వచ్చినవే. మొదటిది సిలబస్‌లో ముందునుంచీ ఉంది, రెండోది నేను పట్టుబట్టి చేర్పించాను. గురజాడ నాటకాన్ని 1892లో తొలిసారి ఆడింది మా ఊళ్లోనే మరి, ఆమాత్రం స్వార్థం ఉండదా? సరైన సబ్‌టైటిల్స్ దొరక్క కొన్ని సీన్లకు నేనే రాసుకున్నాను. కట్నాల సంగతి బాగా తెలిసిన పంజాబీ పిల్లలు, ఆడపిల్ల తండ్రే ఎదురు డబ్బు తీసుకోవడమేంటని అడిగారు. డబ్బుకోసం పసిపిల్లల్ని ముసలాళ్లకు కట్టబెట్టడం, వాళ్లు ఊహ తెలిసేసరికే వితంతువులైపోవడం, ఇవన్నీ చెప్పేసరికి ఆ రోజు క్లాసు అయిపోయింది.

తర్వాతి వారం సౌండ్ ఆపేసి, సావిత్రి వేసిన వేశ్య పాత్ర మధురవాణి సీన్లు మాత్రం వేశాను. ఎదుటివాడు మాట్లాడుతుంటే సావిత్రి ఎలా వింటుందో చూడండన్నాను. తెలుగు ముక్క రాని ఒకమ్మాయి, "ఇక్కడున్న మగాళ్లందరి గుట్టూ ఈవిడకి తెలుసు కదా" అనేసింది. ఇంక నేను చెప్పడానికేముంది! అప్పటికే 'పాతాళ భైరవి'తో పెద్ద హీరో అయిపోయిన ఎన్టీఆర్, గిరీశం లాంటి మాయగాడి వేషం వెయ్యడం గురించి మాత్రం కాసేపు మాట్లాడాను, ఎందుకంటే ఇప్పటి స్టార్లలో అలాంటి పాత్రకి ఒప్పుకునేవాడు నాకైతే కనబడటం లేదు.

వచ్చే టర్మ్‌లో ఈ సినిమాకి ఇంకో వారం అడగాలనుంది. ముందు కాంట్రాక్టు రావాలి, అది ఆగస్టులోగానీ తేలదు.