అమ్మమ్మ ఊరు ఎటువైపు?

"అది స్కేలార్ అమ్మా, వెక్టార్ కాదు" అని మా అమ్మాయి నేనిచ్చిన ఉదాహరణను హోంవర్క్‌లో రాయనంది. నేను చెప్పిందల్లా, డాలస్ నుంచి విజయనగరం సుమారు 14 వేల కిలోమీటర్లని. దిక్కు చెప్పకపోతే అది వట్టి దూరమేనట, స్థానభ్రంశం కాదట. నిజమే. పరిమాణం ఒక్కటే ఉంటే అదిశ రాశి, దిశ కూడా తోడైతే సదిశ రాశి. ఇంటర్లో నేనూ బట్టీ పట్టిందే.

"తూర్పు" అన్నాను, ఇండియా అంటే తూర్పే కదా అన్న ధీమాతో. అది గ్లోబు తెచ్చి రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టింది. దారం ఉత్తర ధ్రువాన్ని రాసుకుంటూ పోయింది! మేమున్నది దాదాపు 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం, విజయనగరం 83 తూర్పు. కలిపితే 180. అంటే ఇక్కడ ఉత్తరానికి బయల్దేరి, దక్షిణానికి దిగుతూ ఊరు చేరతాం. పైగా స్థానభ్రంశమంటే బయల్దేరిన చోటి నుంచి చేరిన చోటికి తిన్నని గీత కాబట్టి బాణం గుర్తు భూమిలోకే వేయాలని ఇంకో మెలిక పెట్టింది.

నేనూరుకుంటానా? విజయనగరం పైడితల్లి జాతరలో ఊరేగించే పొడవాటి మాను, సిరిమాను సంగతి ఎత్తుకున్నాను. పైడితల్లి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తుంది. తిరిగిన దూరం బోలెడు, స్థానభ్రంశం సున్నా.

"మరి ఎందుకు తిప్పడం?"

ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టినదాన్ని, "ఇట్స్ అవర్ కల్చర్!" అని అరిచాను.

గిన్నెలు సర్దుతుంటే జవాబు తట్టింది. ఘర్షణ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కదలికకు ఎదురుగానే ఉంటుంది. దాన్ని ఎదిరించి లాగినవాళ్లు చేసిన పని దారి పొడవును బట్టి పెరుగుతూనే పోతుంది, బయల్దేరిన చోటికే వచ్చినా సున్నా కాదు. పరుగున వెళ్లి చెబితే "ఓకే, ఫెయిర్" అని ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది.

మన ఊరి ఉదాహరణలతో పాఠం చెబితే పాఠమూ ఊరూ రెండూ వంటబడతాయని స్నేహితులకు సలహాలిస్తుంటాను. ఏమో! సిరిమాను దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, అప్పుడు దీనికి స్కూలు. మేం వెళ్లేది ఎండల్లోనే. దానికి తెలిసిన విజయనగరమంటే మామిడిపళ్లు, ఉక్కపోత, వీడియోకాల్‌లో కనిపించే అమ్మమ్మ చెవి. ఒక్క దసరాకి స్కూలు మాన్పించి తీసుకెళ్దామని మా ఆయన అంటే, టెస్టులున్నాయని ముందు అడ్డుపడేది నేనే.