రసీదు పుస్తకం, మాస్టారి పాన్ నంబరు

మా ఊరి లైబ్రరీ ట్రస్టు లెక్కలు నేనే చూస్తాను. 2023 మే ఆఖరి వారమంతా టెన్షనే. దాతల వివరాలతో ఆదాయపు పన్ను శాఖకు ఫారం 10బీడీ 31లోగా దాఖలు చేయాలి. దాటితే రోజుకు 200 రూపాయల ఫీజు. అది పిల్లల పుస్తకాల డబ్బే కదా! రసీదు పుస్తకం తిరగేస్తే కార్బన్ కాపీ మసకబారి, ఒక పాన్ నంబరులో ఉన్నది మూడో ఎనిమిదో తెలియలేదు.

ఆ దాత నాకు పాఠాలు చెప్పిన మాస్టారు. ఫోన్ చేస్తే కార్డు వెతికి, ఒక్కో అంకె చదివి చెప్పారు. కానీ ఆయన ఇచ్చింది 5,000 నగదు. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు. రసీదు రాసిన రోజే ఆ మాట చెప్పాల్సింది నేను. "పోనీలేరా, పిల్లల కోసమేగా" అన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. అప్పటి నుంచి ముందుగా చెక్కో యూపీఐయో అడుగుతున్నాను.

డాలస్‌లో ఉన్న మా బాబాయి కంప్యూటర్లు కొనిస్తానన్నాడు. ఆయన ఇప్పుడు అమెరికా పౌరుడు. ఇక్కడే పుట్టి పెరిగినా, ఆయన పంపేది చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. మా లైబ్రరీ ఖర్చు అందులో పదో వంతు కూడా ఉండదు. భారత పౌరసత్వం ఉంచుకున్న పిన్ని తన సొంత జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ అడ్డు లేదు. మొదటి రెండు కంప్యూటర్లు అలాగే వచ్చాయి.