కిడ్నీ ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక: నొప్పి తగ్గిన పదో రోజే జాగ్రత్త

కిడ్నీ క్యాన్సర్ ఆపరేషన్ అయిన మొదటి నాలుగు రోజులు ఎవరూ చెప్పకపోయినా మనిషి జాగ్రత్తగానే ఉంటాడు, నొప్పే కదలనివ్వదు. అసలు తప్పులు జరిగేది పదో రోజుకి అటూ ఇటూ. పైన చర్మం అతుక్కుంటుంది, నొప్పి సగానికి సగం తగ్గుతుంది, ఇంక బాగానే ఉన్నాననిపిస్తుంది. లోపల కోసి కుట్టిన కండరాలు గట్టిపడటానికి మాత్రం 6 వారాలైనా పడుతుంది. అందుకే అన్నాళ్ళూ 4, 5 కిలోలకు మించి ఎత్తొద్దంటారు. నిండు బకెట్టు 15 కిలోల పైమాటే. చంటిపిల్లల్ని ఎత్తుకోవడం, బీరువా జరపడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

డిశ్చార్జ్ సమ్మరీలో రాడికల్ నెఫ్రెక్టమీ అని ఉందా, పార్షియల్ అని ఉందా చూడండి. మొదటిదైతే కిడ్నీ మొత్తం తీశారు, రెండోదైతే గడ్డ ఉన్న భాగమే తీశారు. పార్షియల్ అయితే ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కిడ్నీని కోసిన చోట చిన్న ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బి, ఒకటి రెండు వారాల తర్వాత కూడా చిట్లవచ్చు. మొదటి కొద్ది రోజులు మూత్రం లేత గులాబీ రంగులో రావడం మామూలే. మధ్యలో తేటపడి, మళ్ళీ హఠాత్తుగా చిక్కటి ఎరుపులో గడ్డలు గడ్డలుగా వస్తే మాత్రం తెల్లారనిద్దాం అనుకోకూడదు. డొక్కలో నొప్పి, కళ్ళు తిరగడం తోడైతే మరీనూ. ఇది అరుదే. సమయానికి వెళ్తే రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి ఆ చోటు మూసేస్తారు, చాలాసార్లు మళ్ళీ కోయాల్సిన పని ఉండదు.

ఇక మంచం దిగడం. వెల్లకిలా పడుకుని తిన్నగా లేవబోతే పొట్ట కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుని కుట్లను లాగుతాయి. ముందు మోకాళ్ళు మడవండి. భుజాలు, నడుము విడిగా మెలితిప్పకుండా దుంగలాగా మొత్తం ఒకేసారి పక్కకు దొర్లండి. కాళ్ళు మంచం అంచు నుంచి కిందికి దించుతూనే, కింది మోచేత్తోనూ పై అరచేత్తోనూ పరుపును నొక్కండి. కాళ్ళ బరువే ఒంటిని పైకి లేపుతుంది. లేచాక ఒక నిమిషం కూర్చుని, తల తిరగడం లేదనుకున్నాకే నిలబడండి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు గట్టిగా అదిమిపట్టుకుని దగ్గండి. నొప్పికి భయపడి దగ్గు ఆపుకుంటే కఫం ఊపిరితిత్తుల అడుగున చేరి న్యుమోనియాకి దారితీయొచ్చు. మెలకువగా ఉన్నంతసేపు గంటకు పదిసార్లు లోతుగా ఊపిరి పీల్చమనేది కూడా ఇందుకే.

లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) అయినవాళ్ళకు కోత పొట్ట మీదున్నా భుజం లాగవచ్చు. ఆపరేషన్ కోసం పొట్ట లోపల నింపిన కార్బన్ డయాక్సైడ్, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ కండరాన్ని రేపడం వల్ల వచ్చే నొప్పి అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఊపిరి ఆడకపోవడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం వేరే సంగతి. అవి రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు, వెంటనే వెళ్ళాలి. 38 డిగ్రీల సెల్సియస్ జ్వరానికీ, గాయం ఎర్రబడి చీము కారడానికీ, వాంతులతో పాటు గ్యాస్ కూడా బయటికి పోకపోవడానికీ అంతే.

పెయిన్ కిల్లర్ల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటివి కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని కుదించేస్తాయి. ఒక కిడ్నీ మొత్తం తీసేస్తే మిగిలినది అసలే రెండింటి పని చేస్తోంది. బిళ్ళ పేరు కాదు, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. రెండు మూడు మందులు కలిపిన బిళ్ళల్లో ఇవి దాక్కుని ఉంటాయి. పారాసిటమాల్ వాడుకోవచ్చు, డాక్టర్ రాసిన మోతాదు దాటకుండా. జలుబు మందుల్లోనూ అదే ఉంటుందని గుర్తుంచుకోండి. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు రాస్తే మలబద్ధకం ఖాయమనుకోండి. విరేచనం మందు మూడు రోజులు బిగుసుకుపోయాక కాదు, ట్రమడాల్‌తో పాటే మొదలుపెట్టమని అడగండి. ముక్కడం కూడా బరువెత్తడం లాంటిదే.

కిడ్నీ కడిగేద్దామని రోజుకి నాలుగైదు లీటర్ల నీళ్ళు తాగేవాళ్ళున్నారు. దానివల్ల ఒరిగేదేం లేదు. డాక్టర్ తగ్గించమనకపోతే రెండు లీటర్లు చాలు, మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టే. ప్రోటీన్ పౌడర్లు అడక్కుండా మొదలుపెట్టొద్దు. కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ మునుపటికన్నా కొంచెం పెరగడం చూసి కంగారుపడొద్దు. ఒక్క అంకె కాదు, వరసగా చేయించిన పరీక్షల్లో అది నిలకడగా ఉందా, పెరుగుతూనే ఉందా అన్నదే లెక్క.

తెరిచి చేసిన ఆపరేషన్ తర్వాత డొక్క ఒకవైపు ఉబ్బెత్తుగా, మొద్దుబారి ఉండవచ్చు. చాలావరకు అది హెర్నియా కాదు, నరం దెబ్బతిని కండరం వదులవడమే. అయినా డాక్టర్‌కి చూపించుకుని తేల్చుకోవాలి.

బయాప్సీ రిపోర్టు తెచ్చి ఫైల్లో పెట్టేసి ఊరుకోవద్దు. క్యాన్సర్ రకం, స్టేజ్, కణాల ఉధృతిని చెప్పే, 1 నుంచి 4 వరకు ఉండే గ్రేడ్, కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా అన్నవి అందులో ఉంటాయి. క్లియర్ సెల్ రకమై, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువైతే పెంబ్రోలిజుమాబ్ అనే మందుతో ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే చికిత్స) గురించి మాట్లాడతారు. సాధారణంగా అది ఆపరేషన్ అయిన 12 వారాల్లోపు మొదలుపెట్టేది. తర్వాత్తర్వాత సీటీ స్కాన్‌కి వెళ్ళినప్పుడు స్కాన్‌లో స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఎక్కించకముందే కిడ్నీ ఆపరేషన్ అయిందని, మొత్తం తీసేసి ఉంటే ఒక్క కిడ్నీయే ఉందని చెప్పి, తాజా క్రియాటినిన్ కాగితం చేతికివ్వండి.